ఎండిన పీపా

దళారీ చెప్పిన ధర వినగానే కొండమీది రైతులు నెబ్బియోలో ద్రాక్షని బుట్టలతో సహా వెనక్కి తెచ్చేసుకున్నారు. అలా పుట్టింది సంఘం. వైన్ వాళ్ళే చేశారు. ఇక అది ఓక్ పీపాలో మూడేళ్ళు పడుకోవాలి. అప్పుడే సీసామీద కొండ పేరు పెట్టి అమ్ముకోగలరు. పీపా లేదా, ఆ దళారీయే లారీ వేసుకొచ్చి పచ్చి వైన్‌ని అగ్గువకి పట్టుకుపోతాడు, సీసామీద వాడి పేరు వేసుకుంటాడు. ఎన్నేళ్ళుగానో జరుగుతున్న దోపిడీ ఇదే.

సంఘానికి దొరికింది ఒకే ఒక్క పీపా, ఒర్సోలా మామగారు వదిలి పోయినది. గదంత పెద్దది. ఏళ్ళ తరబడి ఖాళీగా ఎండిపోయి, పలకల మధ్య సందులు పడ్డాయి.

"నేను బాగుచేస్తా" అని నలుగురిలో లేచి చెప్పింది ఒర్సోలా. చెప్పి, తొందరపాటుతో చన్నీళ్ళు నిండా పట్టేసింది. తెల్లారేసరికి నీళ్ళన్నీ నేలమాళిగలో ఉన్నాయి, పీపాలో చుక్క లేదు.

మరిది జెలిందో చెక్క చెప్పులతో నీళ్ళలో చప్పుడు చేసుకుంటూ వచ్చాడు. "వదినా, వైన్ పోస్తావనుకుంటే చేపల చెరువు పెట్టావేంటి?"

"వాగింది చాలు. వాగు గట్టుకెళ్ళి జమ్ము కోసుకు రా."

జమ్ము ఆకులు సందుల్లో కుక్కారు. ఇనప కట్లు సుత్తితో బిగించారు. ఈసారి వేణ్ణీళ్ళు, అదీ కొద్దికొద్దిగా. వేడికి చెక్క ఉబ్బుతుంది. ఇంటింటి ఆడవాళ్ళు మొక్కజొన్న పొలెంటా జావ వండే రాగి బానలతో నీళ్ళు మోసుకొచ్చారు. కారడం తగ్గింది. ఆగిందో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఈలోగా దళారీ లారీ వచ్చి గేటు ముందు నిలబడనే నిలబడింది.

నీళ్ళు వదిలేసి లోపల తోమాలి. పీపా అడుగున ఉండే తలుపు ఓ మనిషి నానా తిప్పలు పడి దూరేంత. సంఘం పొట్టలన్నిటినీ ఒర్సోలా ఒకసారి చూసి జెలిందోని ముందుకి తోసింది.

లోపలికెళ్ళినవాడు మాట్లాడుతూనే ఉండాలి. గాలి చెడి పడిపోతే బయటివాళ్ళకి తెలిసేది అలాగే. జెలిందోకి ఇది శిక్షే కాదు. బ్రష్షుతో గీకుతూ సంఘం అధ్యక్షుడి పొట్టనీ, పాదిరీ ప్రసంగాన్నీ, వదిన కాఫీనీ తిట్టిపోశాడు.

ఉన్నట్టుండి గొంతు ఆగిపోయింది.

"మరిదీ!" ఒర్సోలా భుజం దాకా చెయ్యి దూర్చి, అందిన కాలు పట్టుకు లాగింది. "జెలిందో!"

"కాలొదులు వదినా, విరిగిపోద్ది!"

"నోరెందుకు మూశావురా? నువ్వు నోరు మూస్తే పోయావనే అనుకోవాలి!"

"లాంతరార్పి చూస్తున్నా. బయట దీపాలున్నాయా?"

"చుట్టూరా పెట్టాం."

"తలుపుకి నువ్వు అడ్డంగా ఉన్నావు, ఇక్కడ చిమ్మచీకటి. సూది మొనంత వెలుగు కూడా రావట్లేదు. సందులన్నీ మూసుకుపోయాయి."

ఒర్సోలా తడి నేలమీదే కూలబడింది. బయట లారీవాడు హారన్ మోగిస్తున్నాడు.

"వాడికేం చెప్పమంటావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"మూడేళ్ళయ్యాక రమ్మను. గ్లాసు తెచ్చుకోమను." లేచి రెండు చేతులతోనూ మొహం తుడుచుకుంది. "వైన్ గొట్టం పట్టండి!"

"ముందు నన్ను లాగండి తల్లీ," అన్నాడు జెలిందో. భుజాలు తలుపులో ఇరుక్కున్నాయి.