మా రిపోర్టులు మాకివ్వండి

ఉచిత వైద్య శిబిరం జరిగిన మూడో రోజు పొద్దున్న బ్యాటరీ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఐదుగురిని ఆపేశారు. అందులో మా అక్క ఒకతె. పదమూడేళ్ళుగా సీసం పలకలు రుద్దిన మనిషి.

"నీకు పని లేదు, వెళ్ళమ్మా," అన్నాడు వాచ్‌మన్ తలెత్తకుండా.

"ఏం తప్పు చేశానురా?"

"నాకేం తెలుసు? లిస్టులో పేరుంది."

అక్క గేటు ఊచ పట్టుకోబోయింది. మణికట్టు వాలిపోయి చెయ్యి జారింది. ఆర్నెల్లుగా ఆ చెయ్యి అంతే. నేను వరుసలో నిలబడి చూశాను. చూసి, లోపలికి వెళ్ళిపోయాను. ఆ సిగ్గు మీ దగ్గర దాచను.

గేటు పక్క గోడ మీద మా ఎండీ నవ్వుతున్నాడు. ఏ గోడ చూసినా ఆ నవ్వే. అందుకే ఆయన్ని నవ్వులాయన అనేవాళ్ళం. ఒకప్పుడు మా షిఫ్టు మేనేజరు. అప్పట్లో మేం చేసిన సమ్మెను విరగ్గొట్టి ఎండీ అయ్యాడు. ఆ తర్వాత పార్టీలో చేరాడు. పార్టీలో పెద్దవాడయ్యాక దాత అయ్యాడు. బడికి బల్లలిచ్చాడు, మాకు ఉచిత ఆస్పత్రి కట్టించాడు. ఇప్పుడు ఎన్నికల్లో నిలబడ్డాడు.

ఆదివారం మా వరండాలో ముప్పై మందిమి కూర్చున్నాం. ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది.

"శిబిరంలో తీసిన మీ రక్తం రిపోర్టులు మీకివ్వొద్దన్నారు. నేరుగా ఫ్యాక్టరీ ఆఫీసుకే పంపమన్నారు. ఒంట్లో సీసం బాగా ఎక్కినవాళ్ళనే తీసేశారు. జబ్బు ముదిరితే మా మనుషులు కారని చెప్పడానికి."

వెల్డరు బాబాయి కస్సుమన్నాడు. "నోటికొచ్చినట్టు అనకు! నా కూతురికి ఆ ఆస్పత్రిలోనే పురుడు పోశారు."

"పురుడు పోసిన డాక్టరమ్మకి దండం పెట్టు బాబాయ్," అంది అక్క. "నా చెయ్యి చచ్చుబడేలా చేసినవాడికి కూడా పెట్టమంటావా?"

ల్యాబ్ అమ్మాయి గోడకున్న అద్దం తీసింది. "చిగుళ్ళు చూసుకోండి. నల్లటి గీత ఉంటే అది సీసమే."

అద్దం చేతులు మారింది. బాబాయి చాలాసేపు చూసుకున్నాడు.

"పొగాకు మరకనుకున్నానే ఇన్నాళ్ళూ," అన్నాడు.

ఆ అద్దం మాట ఫ్యాక్టరీ అంతా పాకింది. వారం తిరక్కుండా ఆస్పత్రి కొత్త భవనం ప్రారంభం. కుర్చీలు నింపడానికి మూడు షిఫ్టుల వాళ్ళనీ తోలుకొచ్చారు. నవ్వులాయన మైకు అందుకున్నాడు. "ఈ కార్మికులంతా నా కుటుంబం..."

బాబాయి లేచాడు. "కుటుంబమైతే మా రిపోర్టులు మా చేతికియ్యి!"

అక్క లేచింది. నేనూ లేచాను. కుర్చీల చప్పుడుకి ఆయన మాట వినపడలేదు. చిగుళ్ళ మీది నల్ల గీత కనపడేలా కింది పెదవి వేళ్ళతో లాగి పట్టుకుని నిలబడ్డాం, వందల మందిమి, ఒక్క మాట లేకుండా. కెమెరాలన్నీ మా వైపు తిరిగాయి. ఆయన అప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు. "వాళ్ళని బయటికి నెట్టండి" అన్న మాట మాత్రం మైకులో అందరికీ వినపడింది.

లాఠీలు లేచాయి. బాబాయినీ అక్కనీ ల్యాబ్ అమ్మాయినీ వ్యానెక్కించారు. మర్నాడు పలకల విభాగం కదల్లేదు. ఆ మర్నాడు ఫ్యాక్టరీ మొత్తం ఆగింది. పదకొండు రోజులు. పన్నెండో రోజున రిపోర్టులు మా చేతికొచ్చాయి. ఐదుగురికీ ఉద్యోగం, వైద్యం ఇస్తామని రాసిచ్చారు. ఆడవాళ్ళిద్దర్నీ వదిలారు.

అంతా గెలిచామని అబద్ధం చెప్పను. ఆయన ఎన్నికల్లో నెగ్గాడు. బాబాయి ఇంకా జైల్లోనే ఉన్నాడు. ల్యాబ్ అమ్మాయి ఉద్యోగం పోయింది.

కానీ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నిన్న అద్దకం మిల్లు ఆడవాళ్ళు నలభై మంది మా వరండాకొచ్చారు. మోచేతుల దాకా పుళ్ళు. అందరికన్నా ముందున్నావిడ, ఇప్పుడు అక్కడే రక్తం తీసి బయట పరీక్ష చేయిస్తున్న ల్యాబ్ అమ్మాయి ఎదురుగా కూర్చుని చీర చెంగు భుజం మీదికి నెట్టి, చెయ్యి చాపింది.

"తియ్యమ్మా రక్తం. ఈసారి కాగితం మాకే ఇవ్వాలి."