గుండుసూది నోట్లో ఉన్నంతసేపు

బట్టల అంచులు మడిచేటప్పుడు టైలరమ్మ పెదాల మధ్య గుండుసూదులుంటాయి. సరిగ్గా అప్పుడే కూతురు వచ్చి మిషను పక్కన చేరి గలగలా మాట్లాడేస్తుంది. ఆ ఏడేళ్ళ పిల్లను ఇంట్లో పిచ్చుక అంటారు. గడప దాటిందంటే మాత్రం ఆ నోటికి తాళమే.

"నోరున్న తల్లికి నోరులేని పిల్ల!" అని అత్తగారు ఎత్తిపొడిచేది. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎవరైనా పిల్లను పలకరిస్తే తల్లే అందుకునేది. "దానికి మాట బయటికి రావడానికి కాస్త సమయం కావాలమ్మా. ఈలోపు మీరే చెప్పేస్తే అది కష్టపడడం దేనికి?" అని మాటలు నేర్పే టీచరు మందలిస్తే, అలాగేనని తలూపి వచ్చింది.

పోయిన ఏడాది పైఇంటి పిల్ల పుట్టినరోజుకు వెళ్ళి, పిచ్చుక మంచం కింద దూరి ఏడ్చింది. అప్పట్నుంచి పిల్లలు ఆటకు పిలవడం మానేశారు. ఈ ఏడాది పుట్టినరోజుకు మాత్రం తనంతట తానే, "నేను వెళ్తానమ్మా," అంది. ఇప్పుడు కూడా అభాసుపాలైతే ఇక ఎవరితోనూ కలవదేమోనని తల్లికి ఒకటే బెంగ. మధ్యాహ్నమే మెట్లెక్కి వెళ్ళి పైఇంటావిడను బతిమాలింది. ఫోనులో పాట మోగుతున్నంతసేపూ పొరలు పొరలుగా కాగితం చుట్టిన పొట్లం పిల్లల చేతులు మారుతూ ఉంటుంది, పాట ఆగినప్పుడు అది ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఒక పొర విప్పి అందులోని చీటీలో రాసింది చెయ్యాలి. అదీ ఆట.

"మా దాని దగ్గర మాత్రం పాట ఆపకు వదినా, నీకు పుణ్యముంటుంది."

"దానిదేముంది, ఫోను నా చేతిలోనేగా!"

సాయంత్రం టైలరమ్మ మిషను మీంచి లేచిందే తడవుగా కూతుర్ని తీసుకుని పైకి వెళ్ళింది. జాకెట్టు భుజానికి గుచ్చిన సూదులు తీయడం కూడా మరిచిపోయింది. హాల్లో కుర్చీలు గోడకు జరిపి పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. తను వంటగది గుమ్మంలో నిలబడింది.

పాట మొదలైంది. ఆగింది. ఒకడు ఒంటికాలి మీద గెంతాడు. ఒకతె పిల్లిలా అరిచింది. పొట్లం పిచ్చుక ఒళ్ళోకొచ్చింది, వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది. అందరి వంతూ వచ్చింది, దానిది తప్ప. పిల్ల నుదురు ముడిపడడం తల్లి చూసింది. అది ఫోను వంక చూసింది, తర్వాత తిన్నగా గుమ్మంలో ఉన్న తల్లి వైపు చూసింది.

ఈసారి పొట్లం అందగానే గుండెలకు హత్తుకుని కూర్చుండిపోయింది.

"ఇటివ్వవే!" పక్కనున్న తొర్రిపళ్ళవాడు లాగాడు. పిల్ల వదల్లేదు.

"ఆంటీ, దీనికి ఆట రాదు! తీసేయండి!"

"పోయినసారి కూడా ఇంతే. ఇప్పుడేడుస్తుంది చూడు."

పిల్ల చెవులు ఎర్రబడ్డాయి, గడ్డం వణికింది. పాట మోగుతూనే ఉంది. ఏం చెయ్యమంటావన్నట్టు పైఇంటావిడ కళ్ళెగరేసింది. తల్లి కాలు అప్పటికే ముందుకు పడింది. 'దానికి ఒంట్లో బాలేదు, తీసుకెళ్తాను' అన్న మాట నాలుక చివరే ఉంది. పిల్ల మాత్రం కదల్లేదు. దాక్కోవడానికి మంచం వైపు కూడా చూడలేదు. దానికి కావలసింది తప్పించుకోవడం కాదు, తన వంతు.

తల్లి చెయ్యి భుజం మీదికి పోయింది. ఒక సూది ఊడదీసి పళ్ళ మధ్య గట్టిగా పట్టుకుంది. ఆపమన్నట్టు పైఇంటావిడకు తలూపింది.

పాట ఆగింది.

పిచ్చుక కాగితం చింపింది. పుట్టినరోజు పిల్ల వంగి చీటీ పైకి చదివింది: "నవ్వకుండా ఒక అబద్ధం చెప్పాలి."

పిల్ల పెదవులు విడివడ్డాయి, మూసుకున్నాయి. ఎవరో కిసుక్కుమన్నారు. నాలుగు అబద్ధాలు తల్లి నోట్లోకి తోసుకొస్తున్నాయి. సూది మీద పళ్ళు బిగించింది. పిల్ల మెడలో నరం ఉబ్బింది. ఇక రాదు, తప్పు చేశాను, పాట ఆపించకుండా ఉండాల్సింది అనుకుంది తల్లి.

"మా అమ్మ..."

తొర్రిపళ్ళవాడు నోరు తెరిచాడు. పుట్టినరోజు పిల్ల వాణ్ణి మోచేత్తో పొడిచింది.

"మా అమ్మ... అస్సలు... మాట్లాడదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా పైఇంటావిడ పడీపడీ నవ్వింది. వెనకే పిల్లలంతా. "అబ్బో, ఎంత పెద్ద అబద్ధమో!" అని తొర్రిపళ్ళవాడు నేల చరిచాడు. పిచ్చుక ఒక్కర్తే నవ్వకుండా, నియమం ప్రకారం మూతి బిగించుకుని కూర్చుంది.

మళ్ళీ పాట మొదలైంది. పిచ్చుక పొట్లం తొర్రిపళ్ళవాడికందిస్తూ, "ఇంద," అంది.

గుమ్మంలో తల్లి సూది తీయలేదు. ఆట ఇంకా అయిపోలేదు.