ముఖ్య అతిథికి మైకు

ఇద్రిస్ మొరాకో జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు పదేళ్ళు గోల్స్ కొట్టి, మోకాళ్ళు అరిగాక రిటైరై, మాంట్రియల్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాడు. మా తెలుగు సంఘం క్రీడోత్సవానికి అతన్ని ముఖ్య అతిథిగా పిలుచుకొచ్చింది నేనే.

"పిల్లలకు నా గోల్స్ గురించి నాలుగు మాటలు చెప్పి, కాసేపు బంతి ఆడించి వెళ్తాను," అన్నాడు. పాపం, మా సంఘం సంగతి అతనికేం తెలుసు.

వేదిక ఎక్కించి శాలువా కప్పారు. దాని మీద ఇంకో శాలువా కప్పారు. అతన్ని పరిచయం చేయడానికి లేచిన అధ్యక్షుడు జనార్ధనరావు గారు, "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తానండీ," అని, కాలేజీలో తానాడిన కబడ్డీతో మొదలుపెట్టారు. కబడ్డీ నుంచి ఉద్యోగానికీ, ఉద్యోగం నుంచి కెనడాలో శాశ్వత నివాసానికి పీఆర్ కార్డు దొరకడానికీ వచ్చేసరికి పిల్లలంతా సమోసాల దగ్గరికి చేరారు. తర్వాత కార్యదర్శి, కోశాధికారి, బతికున్న మాజీ అధ్యక్షులందరూ మాట్లాడారు. మొరాకో మాట ఒక్కరి నోటా రాలేదు. ఒకాయన మాత్రం "మన మెక్సికో మిత్రుడు" అన్నారు.

హాలు ఖాళీ చేయమని వాచ్‌మన్ వచ్చి నిలబడ్డాక మైకు ఇద్రిస్‌కి అందింది. శాలువాల్లో ఉడికిపోతూ లేచాడు.

"మా దేశానికి పదేళ్ళు ఆడాను. ఏ కోచ్ కూడా నన్ను ఆడనివ్వకుండా ఇంతసేపు బెంచీ మీద కూర్చోబెట్టలేదు," అన్నాడు ఇంగ్లీషులో.

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది జనార్ధనరావు గారే. నవ్వుతూనే అతని చేతిలో మైకు లాక్కున్నారు.

"చాలా గొప్ప మాట చెప్పారండీ. దీని మీద నేను రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను."