పోయేట్టున్నాయి

షహాతా తడిచేత్తో బంగారుచేపను పొట్ట కింద పట్టుకుని పైకెత్తాడు. అది నోరు తెరిచింది, మూసింది. రెక్క మొదట్లో పొలుసు లేచిపోయిన చోట, పగిలిన పత్తికాయలోంచి వచ్చినట్టు తెల్లటి బూజు. దూదిపుల్లను మందులో ముంచి ఆ బూజు మీద మెల్లగా అద్దాడు. తొందరపడి లాగితే కింది చర్మం కూడా ఊడొస్తుంది. బూజు దానంతట అది పుల్లకు చుట్టుకునేదాకా ఓపిక పట్టి, చేపను మళ్ళీ మందు కలిపిన నీలం నీళ్ళలోకి వదిలాడు. అది కాసేపు పక్కకు ఒరిగి, సర్దుకుని, తొట్టి మూలకు పోయి నిలబడింది.

అలెగ్జాండ్రియాలో చలికాలం వచ్చిందంటే ఆ రంగుచేపల కొట్టు వెనక గదిలో షహాతాకు ఇదే పని. బ్యాంకాక్ దగ్గర వెచ్చటి చెరువుల్లో పుట్టిన చేపలు కైరో దాకా విమానంలో దర్జాగానే వస్తాయి. అక్కణ్ణుంచి ఎడారి రోడ్డు మీద వ్యానులో రావాలి. ఈసారి వ్యాను బయల్దేరాక చీపురు తుపాను విరుచుకుపడింది. ఊరంతా ఊడ్చి పారేసే గాలివాన గనక దానికి ఆ పేరు. రోడ్డు మూసేశారు. సంచుల్లో నీళ్ళు చల్లబడ్డాయి, చేపలు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి, కొట్టుకు చేరిన మర్నాటికే గాయాల మీద బూజు మొలిచింది. దానికి ఈ వ్యాపారంలో అందరూ అనే పేరు పత్తి.

షహాతా పొట్టివాడు, అరవైకి దగ్గరపడ్డవాడు. మందు ఇంకి ఇంకి గోళ్ళు ఎప్పుడూ నీలంగానే ఉంటాయి. ఎడమ చెవికి చిన్న కన్నం ఉంది. అది వాళ్ళమ్మ కుట్టించింది. ఇతనికి ముందు పుట్టిన పిల్లలెవరూ ఆవిడకు దక్కలేదు. అందుకని ఇతను పుట్టగానే వాడంతా తిరిగి గుడ్డపీలికలు అడుక్కొచ్చి వాటితో చొక్కా కుట్టింది. ఆడపిల్లలా చెవికి పోగు పెట్టింది. పేరు కూడా షహాతా అనే పెట్టింది, అంటే బిచ్చం. ఎవరి కన్ను పడినా, వీడిలో చూడ్డానికేముంది అనుకుని పక్కకు తప్పుకోవాలని ఆవిడ ఉపాయం. పిల్లాడు బతికాడు. బతికినవాడికి ఆ ఉపాయం మీద గురి కుదరదూ మరి!

అందుకే చేపలు కోలుకుంటుంటే కోలుకుంటున్నాయని షహాతా ఎన్నడూ నోరు జారలేదు. "ఎలా ఉన్నాయిరా?" అని కొట్టు యజమాని హాజీ దుసూకీ ముందు గదిలోంచి కేకేస్తే, "పోయేట్టున్నాయి హాజీ" అని బదులు చెప్పేవాడు. హాజీ హమ్మయ్య అనుకుని టీ తాగేవాడు. నిజంగా చచ్చినప్పుడు షహాతా ఏమీ అనేవాడు కాదు, చచ్చినదాన్ని చిన్న వలలో పట్టుకుని ముందు గదిలోంచి బయటికి నడిచేవాడు, అంతే. అతని మాటే నమ్మితే ఇన్నేళ్ళలో ఆ కొట్లో ఒక్క చేపా బతకలేదు. రేవులో మూటలు మోసే కుర్రాడిగా ఉన్నప్పుడు హాజీ అతన్ని తెచ్చి ఈ తొట్ల ముందు నిలబెట్టాడు. అతని పెళ్ళికి పెద్దరికం వహించాడు, భార్య పోయినప్పుడు పాడె మోశాడు. షహాతాకు అన్నదమ్ములు లేరు. హాజీయే అన్న.

ఆ హాజీ ఇప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆస్పత్రిలో ఉన్నాడు. తీసుకుపోతున్నప్పుడు కూడా వెనక్కి తిరిగి, "ఆ మచ్చలవాటిని మాత్రం చూసుకోరా" అన్నాడు. తలమీద కాయలాంటి బొడిపె, ఒంటి నిండా నలుపూ ఎరుపూ మచ్చలూ ఉన్న బంగారుచేపలవి. చాలా రోజులు అడగ్గా అడగ్గా ఈసారి వచ్చాయి. వాటికీ పత్తి పట్టింది. అవి తేరుకోగానే ఆస్పత్రికెళ్ళి, మంచం పక్కన కూచుని, "పోయేట్టున్నాయి హాజీ" అని చెప్పాలని షహాతా ఉబలాటం. అంతవరకూ వెళ్ళకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ పొద్దున మచ్చల చేపల ఒంటి మీద పత్తి పోయింది. కింద లేత గులాబీరంగు చర్మం కనిపిస్తోంది. వాటిని చిన్న తొట్టిలోకి మార్చాడు. సంతోషం పట్టలేక తనలో తానే నవ్వుకున్నాడు.

హాజీ కూతురు సమీహా టీ పట్టుకొచ్చింది. దమన్‌హూర్‌లో కాపురం ఆమెకు. తండ్రికి జబ్బు చేసిందని వచ్చి, పొద్దున కొట్టూ, మధ్యాహ్నం ఆస్పత్రీ చూసుకుంటోంది.

"ఎలా ఉన్నాయి బాబాయ్, ఈ చిన్న తొట్టిలోవి?"

"పోయేట్టున్నాయమ్మా."

"అయ్యో, పాపం! మందు వేస్తున్నావుగా?"

"మందేం చేస్తుంది తల్లీ. పోయేట్టున్నాయి" అని ఇంకోసారి గట్టిగా అని, మధ్యాహ్నపు నమాజుకు మసీదుకి వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి చిన్న తొట్టి బోర్లించి ఉంది. సమీహా దాన్ని సబ్బుతో తోముతోంది.

"ఇందులోవేవీ?"

"కాలవలో పోసేశాను. పోయేవాటిని ఉంచితే మిగతావాటికి అంటుకుంటుందని నాన్న అనేవాడు కదా..."

షహాతా సందులోకి పరిగెత్తాడు. కాలవలో మచ్చల చేపలు వాన బురదలో పడి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ తీసి అరచేతిలో పెట్టి చూశాడు. ఒక్కటి మాత్రం మొప్ప ఆడిస్తోంది. దాన్ని నోటి ముందు పెట్టుకుని ఊదుతూ లోపలికి తెచ్చి నీళ్ళలో వదిలి, గాలి గొట్టం దాని పక్కకు జరిపాడు. కోపంగా సమీహా వైపు తిరిగాడు.

"పోయేట్టున్నాయని నువ్వేగా అన్నావు!" అంది సమీహా.

"అన్నాను. బాగున్నాయి కాబట్టి అన్నాను. బాగుంటే బాగున్నాయని ఎవడైనా అంటాడా? మీ నాన్న నీకు చెప్పలేదా?"

సమీహాకు అప్పుడు అర్థమైంది. ఎత్తిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అందుకేనా బాబాయ్, నిన్న నువ్వు ఫోన్లో మిగతా చేపలు పోయేట్టున్నాయంటే ఆయన ముసిముసిగా నవ్వింది? పిచ్చిదాన్ని, ఆయనకు మతి చెడిందేమో అనుకున్నాను."

"నవ్వాడా?"

"నవ్వాడు. కట్టుడు పళ్ళు తీసేశారుగా, చంటిపిల్లాడిలా నవ్వాడు."

షహాతా కోపం అక్కడితో దిగిపోయింది. తప్పు తనదీ ఉంది. ఈ పిల్లకు ఈ భాష ఎవరు నేర్పారని? "పోనీలే. ఒకటి మిగిలింది. మీ నాన్నకేం చెప్పకు" అన్నాడు.

"చెప్పను. నువ్వొకసారి రా బాబాయ్, ఆయన నీ కోసం చూస్తున్నాడు."

"ఇది ఈదితే వస్తా. వట్టి చేతుల్తో ఆయన మొహం ఎలా చూడను?"

సమీహా ట్రామెక్కి వెళ్ళిపోయింది. షహాతా ముందు గది షట్టరు సగం దించి చేప దగ్గర కూచున్నాడు. అది అడుగున ఒక పక్కకు పడుకుని ఉంది. చిటికెడు ఉప్పు వేశాడు. వేడినీళ్ళు కొంచెం కొంచెంగా కలిపాడు. రెండు వేళ్ళతో దాన్ని నిటారుగా పట్టుకుని, గాలి బుడగలకు ఎదురుగా ముందుకూ వెనక్కూ నడిపించాడు. పొద్దుటి నుంచి తిండి లేదు. పక్క బడ్డీవాడు చిక్కుడుగింజల కూర రొట్టెలో పెట్టి పంపితే అది బల్లమీదే చల్లారిపోయింది. వేళ్ళు కొంకర్లు పోయినప్పుడు చెయ్యి మార్చాడు.

పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. తొట్లకు గాలి పంపే మోటర్ల రొదలో సరిగా వినపడక దాన్ని చెవికి నొక్కుకున్నాడు.

"బాబాయ్..." సమీహా గొంతు తెగి తెగి వస్తోంది. "నాన్న పోయేట్టున్నాడు."

షహాతా మొహం చేటంత అయింది. "ఓసి నీ! అప్పుడే నేర్చేసుకున్నావే!"

అవతల ఏదో సన్నటి చప్పుడు. నవ్వుతోందనుకున్నాడు.

"నిన్నడుగుతున్నాడు బాబాయ్. పోయేట్టున్నాడు."

"అడిగేదాకా వచ్చాడా! చాలు తల్లీ, చాలు. ఎక్కువ చెప్పకు. నీళ్ళు మార్చేసి పొద్దున్నే వస్తున్నానని చెప్పు. మచ్చలది కూడా పోయేట్టుందని చెప్పు, గుర్తుపెట్టుకుని ఇదే మాట చెప్పు."

ఫోను పెట్టేసింది. షహాతా లేచి నడుం విరుచుకున్నాడు. చల్లారిన రొట్టె అమృతంలా తిన్నాడు. తొట్లలో నీళ్ళు సగం సగం తోడి కొత్త నీళ్ళు పోశాడు. నీలం నీళ్ళు బకెట్లతో సందులోకి మోస్తుంటే అతని నోటి వెంట రేవులో మూటలు మోసేటప్పటి పాట వచ్చింది. మచ్చల చేప ఒకసారి తోక ఆడించి, తూలుతూ, పట్టుకోబోయిన చేతికి అందకుండా తప్పించుకుంది. కన్నమున్న చెవి పట్టుకుని అటూ ఇటూ చూశాడు, ఎవరి కన్నూ పడలేదు కదా అని.

బాగా చీకటిపడ్డాక షట్టరు కిందనుంచి వంగి సమీహా లోపలికొచ్చింది. చేతిలో ఆస్పత్రి సంచి. చెప్పులకు బురద. అతన్ని చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఎందుకు రాలేదు బాబాయ్? చెప్పాను కదా."

"చెప్పావు. అందుకేగా..."

ఆమె మొహం చూశాడు, సంచి చూశాడు.

"నేను నిజమే చెప్పాను బాబాయ్" అంది సమీహా. "నాకు ఇంకేం మాటా తోచలేదు. చివరిదాకా తలుపు వంకే చూశాడు."

షహాతా బకెట్ కింద పెట్టాడు. ఏడుపు వెంటనే రాలేదు. గుండెల మీద ఎవరో మూట పడేసినట్టయి గోడకానుకుని కూలబడ్డాడు. తన నోటి మీద తనకే అసహ్యం వేసింది. జీవితమంతా ఏ మాటతో మృత్యువును మభ్యపెట్టాననుకున్నాడో, ఆ మాటే అన్నకూ తనకూ మధ్య అడ్డం పడింది. సమీహా పక్కనే నేల మీద కూచుంది. కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"నువ్వు చెప్పమన్నది చెప్పాను. విన్నాడో లేదో తెలీదు. ఆ చేప ఎలా ఉంది?"

షహాతా తొట్టి వంక చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అతని నోట రాని మాట ఇప్పుడొచ్చింది.

"బతికింది" అన్నాడు. అన్నాక అప్పుడు ఏడ్చాడు.

తెల్లవారితే అంత్యక్రియలు. చుట్టాలకు కబురు పెట్టాలని సమీహా ఇంటికి వెళుతూ సంచి బల్ల మీద వదిలింది. షహాతా అందులోవి ఒక్కొక్కటీ బయటికి తీశాడు. కళ్ళజోడు, జపమాల, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, మూతున్న ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో నీళ్ళు మసకబారి ఉన్నాయి. వాటిని పారబోసి, కుండలోంచి కొత్త నీళ్ళు తెచ్చి పోశాడు. తేటపడ్డ నీళ్ళలో హాజీ దుసూకీ కట్టుడు పళ్ళు, పై వరసా కింది వరసా, కొద్దిగా ఎడం ఎడంగా ఉన్నాయి.