కుంతి వంటగది గోడ

ఖవా నది పొంగి అప్పన్న లారీని చెరకుతోటలో ముంచేసిన ఏడు, చక్కెర మిల్లుకు కంప్యూటర్ వచ్చింది.

"పొయ్యి దగ్గర ఉండేదానివి, గ్యాంగు సంగతి నీకెందుకు?" అనేవాడు దొరస్వామి భార్యతో. వునిమోలి ఊళ్ళో ఇరవై రెండు పొలాల చెరకు కోసే గ్యాంగుకి పదకొండేళ్ళుగా అతనే సర్దార్. ఎవరి చెరకు ఎప్పుడు కోయాలో చెప్పేది అతని నోరు. లెక్క తేల్చేది భార్య కుంతి. వంటగది గోడకి ఇరవై రెండు మేకులు. ఒక్కో మేకుకి చేపల డబ్బా మూత, మూతమీద పొలం గుర్తు. వాన పడితే పల్లపు పొలాల మూతలు కిందికి పోతాయి, మిట్టవి పైకి వస్తాయి. తెల్లారుజామున చాయ్ ఇస్తూ వరస చెవిలో వేసేది. అతను బయటికెళ్ళి గట్టిగా అరిచేవాడు.

గ్యాంగుల వరసలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి రాజధాని సువా నుంచి సతేంద్ర వచ్చాడు. రైతులంతా దొరస్వామి ఇంటి షెడ్డులో, యంగోనా పానీయం గిన్నె చుట్టూ కూర్చున్నారు.

"సర్దార్ జీ, వాన పడితే ఎవరి చెరకు ముందు?" అడిగాడు సతేంద్ర.

"నేను చెప్పినోడిది."

అందరూ నవ్వారు.

"మీరు ఏది చూసి చెప్తారు?"

దొరస్వామి వంటగది తలుపు వైపు చూశాడు. ఎప్పుడూ అలా చూస్తే కుంతి మాట అందించేది. ఆవేళ అందించలేదు. మూతలు కొంగులో పోసుకుని వచ్చి చాపమీద పరిచింది. వాన, వాలు, లారీ దారి, ఏ కోతవాడి ఇంట్లో పురుడుందో, అన్నీ చెప్పింది.

సతేంద్ర కలం ఆపాడు. "ఆంటీ, సిస్టమ్ అంటే ఇదే. కొన్ని సంగతులు లోపలికి వెళ్తాయి, పని జరుగుతుంది, ఫలితం బయటికొస్తుంది. ఆ ఫలితం ఎలా ఉందో కబురు మళ్ళీ మొదటికి చేరాలి. చేరకపోతే అది నడవదు."

మొదటికి చేరాలి. కుంతి మనసు అక్కడే ఆగింది. ఈ ఇంట్లో మొదలు తనే కదా. రొట్టెలు వెళ్ళాయి, ఉతికిన చొక్కాలు వెళ్ళాయి, వరస వెళ్ళింది. చెరకు పాడవకుండా మిల్లుకి చేరిందనీ, జనం సర్దార్‌ని మెచ్చుకున్నారనీ పక్కింటి ఆడవాళ్ళు చెబితే తెలిసేది. పదకొండేళ్ళలో ఒక్క కబురైనా ఆయన నోట తనదాకా రాలేదు. అయినా నడిచిందంటే, ఎవరు నడిపినట్టు?

"సర్దార్ పేరు ఏం రాయను?" అన్నాడు సతేంద్ర.

"కుంతి అని రాయి బాబూ," అంది కుంతి.

"ఆడ సర్దారా? ఇక గ్యాంగుకి గాజులు తొడగాలి," అన్నాడు అప్పన్న.

"పల్లంలోకి లారీ దించొద్దని ఆవిడ కబురంపితే విన్నావా?" అంది ప్రేమ్‌వతి. మొగుడు పోయాక సొంతంగా పొలం చేస్తున్న మనిషి. కుంతే సర్దార్ అని ముందు ఆమె చెయ్యి లేచింది. తర్వాత మరో పదిహేను. ఆఖరికి, నేల చూస్తూ అప్పన్నది.

మర్నాడు పొద్దున దొరస్వామి కత్తి నూరుకుని, కుంతి పని పంచే చోట కోతవాళ్ళ వెనక వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక అడిగాడు: "నేనెక్కడికి వెళ్ళాలి, సర్దార్?"