పెంకులా, రేకులా

సోమరాజు ఇంటికి వచ్చి వెళ్ళాడంటే ఆ సంగతి రామనాథానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సాయంత్రం భీమడోలులో రైలు దిగి ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కుని కూర్చునేలోగా ఉమాకుమారి నోట "సోమరాజుగారు ఏమన్నారంటేనండీ" అన్న మాట మూడుసార్లు వచ్చేది. నాలుగోసారికి చేతిలో కాఫీ చేదెక్కేది.

అసలు సోమరాజుని పిలిపించింది రామనాథమే. వాళ్ళది బంగాళా పెంకుల ఇల్లు. ఇరవయ్యేళ్ళ కిందట కొనుక్కున్నప్పుడే పాతది. ఈమధ్య కోతులు ఊరి మీద పడి పెంకులు తొక్కి పగలగొట్టేశాయి. చినుకు పడితే చాలు, ముందు వసారాలో నాలుగుచోట్ల బిందెలు పెట్టాలి. ఆ వసారాలోనే ఉమాకుమారి రోజూ సాయంత్రం పదిహేనుమంది పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతుంది. పోయిన వానాకాలం పిల్లల పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాక, ఇక కప్పు మార్చక తప్పదని తేలింది. కొల్లేటి లంక గ్రామంలో ఉంటూ చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ కప్పులు నేసే సోమరాజుకి పనిమంతుడని పేరు. అతనికి ఫోన్ చేసి, వచ్చి చూసి వెళ్ళమన్నాడు రామనాథం. తను ఏలూరులో ఒక ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. పొద్దున్న వెళితే మళ్ళీ దీపాల వేళకే రావడం. సోమరాజేమో మధ్యాహ్నాలు వచ్చేవాడు.

ఒక్కసారి చూసి ఎంతవుతుందో చెప్పవలసినవాడు మూడుసార్లు వచ్చాడు.

"మూడుసార్లు చూడ్డానికి మనదేమన్నా రాజగోపురమా?" అన్నాడు రామనాథం.

"తొందరపడి తేల్చే పని కాదటండీ. ఆయన నన్నేం అడిగారంటే..."

రామనాథం పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏం అడిగాడో ఆయన వినదలుచుకోలేదు.

నాలుగోసారి వస్తున్నాడని తెలిసిన రోజు, ఆఫీసులో తలనొప్పని అబద్ధం చెప్పి మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాడు. గేటు దగ్గర నిలబడి చూస్తే, వసారాలో ఇద్దరూ తలలు పైకెత్తి కప్పుకేసి చూస్తున్నారు. సోమరాజు ఒక వెదురు కర్రతో దూలాన్ని చూపిస్తున్నాడు. నలభై అయిదేళ్ళవాడు, ఎండకి నల్లబడ్డ బలమైన చేతులు. ఉమాకుమారి ఏదో అంది. అతను తల ఊపాడు. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తన మాటకి ఆవిడ అలా నవ్వింది ఎప్పుడా అని రామనాథం గుర్తు చేసుకోబోయాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఒక్క సందర్భమూ తట్టలేదు. గేటు గట్టిగా నెట్టాడు.

"నమస్కారమండీ," అంటూ సోమరాజు కర్ర పక్కన పెట్టాడు. అరుగు మీద అతను తాగిన కాఫీ గ్లాసు ఉంది. స్టీలు గ్లాసు. దాని మీద చెక్కి ఉన్న పేరు రామనాథానిది.

మర్నాడు ఆఫీసులో ఇంటి కప్పు మాట వస్తే, పక్క సీటు పాండురంగారావు ముంబయి కంపెనీ ఒకటి ఉందని చెప్పాడు. తాడేపల్లిగూడెంలో వాళ్ళ బావమరిది ఇంటికి వాళ్ళే వేశారట. "మన మేస్త్రీలలాగా ఇవాళ రమ్మంటే ఎల్లుండి రావడాలు ఉండవండీ. అంతా పద్ధతి," అన్నాడు. రామనాథం మధ్యాహ్నం భోజనానికి కూడా ఆగకుండా ఫోన్ చేశాడు.

ఆదివారం యూనిఫారాలు వేసుకున్న ఇద్దరు వచ్చారు. డ్రోన్ ఎగరేసి ఇంటిని పైనుంచి ఫొటోలు తీశారు. ట్యాబులో ఆ ఇంటికే నీలం రేకుల కప్పు వేసి చూపించారు. పదిహేనేళ్ళ గ్యారంటీ అన్నారు. మాటకి ముందొక సార్, వెనకొక సార్. అన్నిటికన్నా రామనాథానికి నచ్చిందేమిటంటే, వాళ్ళు ఉమాకుమారి వైపు కన్నెత్తి చూడలేదు. ఆవిడిచ్చిన మంచినీళ్ళు తాగి, సంతకాలు ఎక్కడ పెట్టాలో ఆయనకి చూపించారు.

వాళ్ళు వెళ్ళాక ఉమాకుమారి అడిగింది. "మరి సోమరాజుగారికి ఏం చెబుతారండీ?"

"చెప్పేదేముంది? దేశమంతా పేరున్న కంపెనీ. రేపేదన్నా అయితే ఫోన్ చేస్తే పలుకుతారు. ఈయన కోసం లంకలన్నీ తిరగమంటావా?"

"అది కాదండీ. సంతకం పెట్టేముందు ఒకసారి నా మాట..."

"నీ మాటా? ఆయన మాటా?"

ఉమాకుమారి కాసేపు భర్త మొహంలోకి చూసింది. తర్వాత మంచినీళ్ళ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ నోట సోమరాజు పేరు రాలేదు. గెలిచాననుకున్నాడు రామనాథం. వారం తిరక్కుండానే, ఆ పేరు ఎందుకు రావడం లేదా అన్న దిగులు పట్టుకుంది. మనసులో దాచుకునేంత పేరా అది?

కంపెనీవాళ్ళు చెప్పిన రోజుకే వచ్చారు. పెంకులు దింపి, ఇనప పైపులు బిగించి, రేకులు పరిచి, నాలుగు రోజుల్లో ముగించి, చెత్త కూడా ఊడ్చి వెళ్ళారు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తుంటే రామనాథం గేటు దగ్గరే నిలబడేవాడు. ఈ దారిన సోమరాజు ఒక్కసారి వెళితే బాగుండునని కూడా అనుకున్నాడు.

ఆషాఢంలో మొదటి పెద్ద వాన సాయంత్రం పూట కురిసింది. స్టేషన్ నుంచి తడుస్తూనే ఉత్సాహంగా వచ్చాడు రామనాథం. వసారాలో ఒక్క చుక్క లేదు. కాని గుమ్మంలో అడుగుపెట్టగానే చెవులు గింగుర్లెత్తాయి. రేకుల మీద వాన, వందమంది ఒక్కసారి డప్పులు వాయిస్తున్నట్టుంది. ఉమాకుమారి బోర్డు దగ్గర నిలబడి మెడ నరాలు పొంగేలా అరుస్తోంది. పిల్లలు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏంటి టీచర్? ఏంటి టీచర్?" అంటున్నారు. కాసేపటికి ఆవిడ సుద్దముక్క కింద పెట్టి కుర్చీలో కూలబడింది.

ఆ వారమంతా వానే. ఉమాకుమారి గొంతు పూర్తిగా పోయింది. మిరియాల పాలు పనిచేయలేదు. పదిహేనుమంది పిల్లలు తొమ్మిదిమందయ్యారు.

రామనాథం కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. కారితే రెండు రోజుల్లో మనిషిని పంపుతామంది. చప్పుడు గ్యారంటీలోకి రాదంది. "మోత తగ్గించే పొర వేరే ఉంటుందండీ. ఆర్డరప్పుడే అడగాలి. ఇంట్లో ట్యూషన్ చెబుతారని మావాళ్ళకి చెప్పలేదా సార్?"

ఫోన్ పెట్టేసి భార్య మీద విరుచుకుపడ్డాడు. "ఇంత మోతొస్తుందని నీకు తెలిస్తే ముందే చెప్పొచ్చు కదా!"

ఉమాకుమారి బొంగురు గొంతుతో మెల్లిగా అంది. "చెబుతానంటే పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయన అన్నిసార్లు వచ్చింది అందుకేనండీ. రేకులేస్తే వానలో పాఠం వినబడదు, పెంకులే మళ్ళీ వేసి కోతులకి పైన వల కడదామన్నారు. ఈ ఇంట్లో నేనేం చేస్తుంటానో, నాకేం కావాలో అడిగారు. మీరూ అడగలేదు, మీ కంపెనీవాళ్ళూ అడగలేదు."

ఆ రాత్రి ఆయనకి అన్నం సహించలేదు. తను ఇరవై ఆరేళ్ళలో అడగనిది ఒక పరాయివాడు నాలుగు మధ్యాహ్నాల్లో అడిగాడు. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా ఆవిడ గొంతు చూస్తూ ఊరుకోలేకపోయాడు. సోమరాజుకి ఫోన్ చేస్తే కైకలూరులో పనిలో ఉన్నానన్నాడు. రామనాథం సెలవు పెట్టి బస్సెక్కాడు.

సోమరాజు ఒక చేపల మేత గోదాము కప్పు మీద ఉన్నాడు. రామనాథాన్ని చూసి గబగబా నిచ్చెన దిగి వచ్చాడు. దెప్పుతాడని ఎదురుచూశాడు రామనాథం. అతను దెప్పలేదు. జరిగిందంతా విని, "రేకులు మంచివేనండీ. బిగింపు కూడా బాగుందని విన్నాను. గాలివానకి మా పెంకులకన్నా అవే నిలబడతాయి," అన్నాడు. "మోతకి కింద జమ్ము తడికెలు రెండు వరసలు కట్టుకోవచ్చు. మావైపు కొల్లేటిలో పెరిగే జమ్ముగడ్డితో అల్లుతారు. రేకుని ముట్టుకోకుండా పైపులకి వేలాడదీస్తే మీ గ్యారంటీకి ఇబ్బంది ఉండదు. టీచరుగారు సరేనంటే శనివారం వస్తానండీ."

మనసారా తిట్టుకుందామన్నా వీలివ్వని మనిషి. రామనాథం ఆగలేక అడిగేశాడు. "ఆ రోజు మా ఆవిడ మీతో అంత నవ్వుతూ ఏం మాట్లాడిందండీ?"

సోమరాజు ముందు తెల్లబోయాడు. తర్వాత గుర్తొచ్చింది. "అదా అండీ! ఇంకెక్కడన్నా కారుతోందా అండీ అని అడిగాను. 'మావారినడగండి, చినుకు పడకముందే పరిగెత్తి సరిగ్గా ఆ చోటే బిందె పెడతారు, ఒక్కోసారి చెయ్యి చాపి పట్టేస్తారు కూడా' అని నవ్వారు. వచ్చినప్పుడల్లా మీ కబుర్లేనండీ." చేతికంటిన దుమ్ము దులుపుకుంటూ అన్నాడు. "నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఈర్ష్యగా ఉండేది. మా ఆవిడ కాంతం నా గురించి ఎవరి దగ్గరా అలా చెప్పగా నేను వినలేదండీ."

రామనాథం బస్సులో దారి పొడుగునా చెరువుల మీద తిరిగే కొంగలకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వచ్చి చెప్పాడు. "తడికెలు కడతాడట. కట్టించుకుంటావా? ఇంకేమన్నా కావాలా? నువ్వెలా అంటే అలా."

ఉమాకుమారి రెండు రోజులు ఆలోచించుకుని, సరేనంది. పైనున్న ట్యూబులైటు వెలుతురు బోర్డు మీద పడేలా ఒకచోట ఖాళీ వదలమని చెప్పింది.

శనివారం రామనాథం ఆఫీసుకి బయల్దేరలేదు.

"వెళ్ళరా ఇవాళ?" అంది ఉమాకుమారి.

"ఉంటాను."

"కాపలాకా?"

దొరికిపోయిన రామనాథం తల దించుకున్నాడు. "కొంత అదే," అన్నాడు.

"అయితే లుంగీ కట్టుకోండి. కింద నుంచి తడికె ఎత్తి పట్టుకోడానికి ఒక మనిషి కావాలట."

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎత్తి పట్టుకున్నాడు. ఉమాకుమారి, సోమరాజు ఆ ఖాళీ ఎంత ఉండాలా అని తర్జనభర్జన పడుతుంటే, తడికె ఎత్తి పట్టుకునే వాళ్ళ దగ్గరికి జరిగాడు. "కాస్త ఎడమకి జరపాలేమో," అని తనూ ఒక మాటన్నాడు. ఇద్దరూ ఆయన చెప్పిన చోటికి చూశారు. "నిజమేనండీ," అంది ఉమాకుమారి.

తర్వాతి వానకి మోత పూర్తిగా పోలేదు కాని, సగానికి సగం తగ్గింది. వెనక వరస పిల్లలకి కూడా లెక్క వినబడింది.