సాయమ్మ ముక్కు

చేటను నాలుగోసారి ఎగరేసేసరికి పొల్లంతా ముందుకు జారి కింద పడింది. సాయమ్మ చేట అంచును బొటనవేలితో తట్టి, అడుగున మిగిలిన రెండు రాళ్లు ఏరి పారేసి, వడ్లను గోనె మీద గుమ్మరించి మళ్లీ ఇంకో చేటెడు తీసుకున్నది. కేసముద్రం మార్కెట్ యార్డులో, హీరాలాల్ సేటు అడ్తి దుకాణం ముందు, రేకుల షెడ్డు రెండో స్తంభం పక్కన ఆమె కూర్చోబట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె వీపు ఆనీ ఆనీ ఆ స్తంభం అంతమేర నున్నబడింది. మనిషి సన్నం. మోచేతుల దాకా దుమ్ము, జుట్టులో ఊక. మొహం చిన్నది, అందులో ముక్కు మాత్రం పెద్దది. దేవుడు ఎవరికో చేసిన ముక్కును తొందరలో ఈమెకు అతికించాడేమో అనిపిస్తుంది. ఆ ముక్కు సంగతి చెప్పకుండా సాయమ్మ సంగతి చెప్పడం కుదరదు.

సాయమ్మకు ఎండు చేపల వాసన పడదు. పడదంటే మూతి తిప్పుకొని ఊరుకోవడం కాదు, కడుపులో దేవి, కళ్లలో నీళ్లు తిరిగి, లేచి బయటికి పరుగెత్తాల్సిందే. రుచి అంతకన్నా పడదు. చిన్నప్పుడు తల్లి బలవంతాన ఒక ముక్క నోట్లో కుక్కితే రెండు రోజులు అన్నం ముట్టలేదట. ఇంట్లో మిగతా అందరూ లొట్టలేసుకుంటూ తినేవాళ్లే. ఈమెకే ఎందుకు పడదో ఎవరికీ తెలియదు. అలాంటి పిల్లను తీసుకొచ్చి, ఎండు చేప ముక్క లేకపోతే తిన్నది తిండే కాదనుకునే ఎల్లేశానికి ఇచ్చి చేశారు. రాతంటే అదీ!

వింతేమిటంటే, ఆ హమాలీ వాడ మొత్తంలో ఎండు చేపలు ఎంచడంలో సాయమ్మను మించినవాళ్లు లేరు. ఇష్టంగా తినేవాళ్లకు ఏ గంప దగ్గర నిలబడినా నోరూరుతుంది, మంచీ చెడ్డా తెలియదు. సాయమ్మకు నోరూరదు. ఆమె చేపను రెండు వేళ్లతో తోకపట్టి ఎత్తి, పొట్ట దగ్గర ఒక్కసారి ముక్కు పెడుతుంది. బాగా ఎండ తగిలిన చేపైతే వాసన ముక్కు కొసనే ఆగుతుంది. తడి ఆరకముందే గంపకెత్తినదైతే, పైన ఎంత ఉప్పు చల్లనీ, వాసన సూటిగా గొంతులోకి దిగుతుంది. అప్పుడామె మొహం చూడాలి! గంప వెనక కూర్చున్న అజీజ్‌బీ నెత్తి కొట్టుకునేది. "నువ్వట్ల మొకం పెడితే ఇగ నా గంప ఎవలు ముడుతరే తల్లీ!" అని తిట్టేది. తిడుతూనే, బెజవాడ రైలుబండిలో కొత్త సరుకు దిగగానే ముందు సాయమ్మకే చూపించుకునేది.

మొదట్లో చేపలు ఎల్లేశమే తెచ్చుకునేవాడు. మూత గట్టిగా పట్టే ఒక పాత డాల్డా డబ్బాలో పెట్టుకుని, ఆ డబ్బాను ఇంటి బయట గోడ గూట్లో ఉంచేవాడు. సాయమ్మ కొంగు ముక్కుకు కట్టుకుని కూర వండేది. ఉప్పు చూసే పని మాత్రం అతనిది. కూర ఉడుకుతుంటే పొయ్యి దగ్గరికొచ్చి అరచేయి చాపేవాడు. ఆమె గరిటెతో నాలుగు చుక్కలు వేసేది. నాకి, కళ్లు మూసుకుని, పెద్ద పని చేసినవాడిలా ఆలోచించి, "ఇంకో పలుకు" అనేవాడు. కూర ఉప్పుకషాయంగా ఉన్నా సరే, అదే మాట.

అరవైతొమ్మిదిలో తెలంగాణ లడాయి అప్పుడు బండ్లు ఆగిపోయాయి. కోస్తా నుంచి ఎండు చేప దిగడం బందైంది. సాయమ్మ లోలోపల సంతోషించింది, అబద్ధమెందుకు? ఇల్లు కడిగినట్టుందనుకున్నది. ఎల్లేశం పచ్చిపులుసుతో, మామిడి తొక్కుతో కిమ్మనకుండా తిన్నాడు. ఇరవై రోజులేమో గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె నీళ్ల బిందెతో వచ్చేసరికి, అతను గూటి దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో అన్నం పళ్లెం. ఖాళీ డబ్బా మూత తీసి, లోపలికి మొహం పెట్టి వాసన పీల్చుకుని, ఒక ముద్ద తిన్నాడు. మళ్లీ పీల్చుకుని ఇంకో ముద్ద తిన్నాడు. ఆమెను చూసి దొంగతనం బయటపడ్డవాడిలా మూత పెట్టేశాడు. సాయమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. మొదటి బండి నడిచిన రోజు స్టేషనుకు తనే పోయి, పెళ్లయ్యాక మొదటిసారి గంపలో చేయి పెట్టింది. అప్పటినుంచి ఈ పన్నెండేళ్లూ ఆ డబ్బా నింపే పని ఆమెదే.

ఈ రోజు మిరుగం. మృగశిర కార్తె మొదటి రోజున ఎవరైనా చేప తినాల్సిందే, చినుకుల కాలానికి ఒంట్లో వేడి ఉండాలి. చేప తినని సేటు ఇంటివాళ్లలాంటివాళ్లు బెల్లం ఉండలో ఇంగువ పలుకు పెట్టి మింగుతారు. హమాలీ వాడలో ఇంగువ మింగేది సాయమ్మ ఒక్కతే. "సేటు కోడలు వచ్చె, జరగుండ్రి" అని ఆడవాళ్లు ఏడిపించేవాళ్లు. ఆ ఉండను ఏటా ఎల్లేశమే తెచ్చేవాడు. బస్తాలు మోసి వస్తూ వస్తూ సేటు ఇంట్లో అడిగి, రుమాలు కొసకు కట్టుకొచ్చి, "నీ శాప తెచ్చిన పట్టు" అనేవాడు.

ఈ ఏడు తెచ్చేవాడు మంచం మీద ఉన్నాడు. ముప్పై ఏళ్ల బస్తాల దుమ్మంతా రొమ్ములో పేరుకున్నది. వరంగల్ దవాఖానలో పదహారు రోజులు ఉంచుకుని పంపేశారు. డాక్టరమ్మ సాయమ్మను పక్కకు పిలిచి, "ఏది అడిగితే అది పెట్టమ్మా" అన్నది. ఆ మాటకు అర్థం ఏమిటో సాయమ్మకు తెలుసు. అతనికి చెప్పలేదు. చెప్పకపోయినా అతనికీ తెలుసేమో. వచ్చిన దగ్గర్నుంచి గంజి తప్ప ఏదీ గొంతు దిగడం లేదు, నాలుగు రోజులుగా అదీ లేదు. నిన్న పొద్దుగూకే వేళ మాత్రం తనే అడిగాడు.

"రేపు మిరుగం గదా. శాపకూరైతే నాలుగు ముద్దలు తింట."

అంతే. సాయమ్మకు ఇంకేం కావాలి? ఆ నాలుగు ముద్దలు లోపలికి పోతే చాలు, మనిషి లేచి కూర్చుంటాడనుకున్నది. అలా లేవడని మనసులో ఒక మూల తెలుసు. అయినా అనుకున్నది.

బండి కూత వినపడగానే చేట బోర్లించి లేచింది. యార్డు గేటు దగ్గర అజీజ్‌బీ అప్పుడే గంప దింపి పైన కప్పిన తాటాకు తీస్తోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు. ఎండలకు చెరువులెండిపోయి పచ్చి చేప దొరకడం లేదు, ఈసారి మిరుగం అందరికీ ఎండు చేపతోనే.

"అగో, వచ్చింది నా యాపారం ముంచేటామె" అన్నది అజీజ్‌బీ.

"అక్కా, ముందుగాల నాకు జర ఏరి పెట్టు" అన్నది అంజమ్మ. ఆమె కూడా యార్డులో చేట పట్టేదే. "నిరుడు నువ్వు జూసిచ్చినయి మా పోరగాండ్లు ముండ్లు గూడ ఇడువలే."

సాయమ్మ ఒక చేపను తోకపట్టి ఎత్తి పొట్ట దగ్గర ముక్కు పెట్టింది. ఏమీ రాలేదు. ఇంకోటి తీసింది. ఏమీ లేదు. మూడో చేపను ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది. ఉత్త గాలి. కడుపులో దేవలేదు, కళ్లలో నీళ్లు రాలేదు. గంపకు గంప మీద పడ్డా ఆమెకు ఏమీ అయ్యేట్టు లేదు. చిన్నప్పటి నుంచీ వద్దంటే వచ్చిన వాసన కావాలన్న రోజున రాలేదు.

"వాసన వస్తలేదే, అజీజ్‌బీ."

"యా అల్లా! వాసన రాని శాప నేనెన్నడన్న తెచ్చిన్నా?" అని నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయింది అజీజ్‌బీ. కళ్ల కింద వాపు, ఎర్రబడ్డ ముక్కు కొస. గొంతు తగ్గించింది. "రాత్రంత ఏడ్చినవా?"

"ఆయనకు ఇనపడకుంట ఏడ్చిన" అన్నది సాయమ్మ. "ముక్కు దిబ్బడ వడ్డది."

అజీజ్‌బీ తనే గంప అడుగు నుంచి నాలుగు చేపలు తీసి, "గివి మంచియే, నా మాట ఇను. నీకు చెడ్డయి ఇస్తనా?" అన్నది.

ఇవ్వదు. ఆ సంగతి సాయమ్మకు తెలుసు. కానీ అజీజ్‌బీకి ఎండు చేపంటే ప్రాణం, ఆమె ముక్కుకు అన్నీ మంచివే. నాలుగు రోజుల తర్వాత ఆ మనిషి తినే మొదటి ముద్ద, ఒకవేళ అదే... ఆ మాట పూర్తిగా అనుకోలేదు. ఒక చేప పొట్ట దగ్గర చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకున్నది.

"అక్కా!" అని అంజమ్మ అరిచింది.

సాయమ్మ కళ్లు మూసుకుని నమిలింది. వాసన లేకపోతే రుచీ ఉండదనుకున్నది. ఉప్పు, దాని వెనక నాలుక మీద పాకే నూనె చేదు, చిన్నప్పటిదే, ఏమీ మారలేదు. పక్కకు తిరిగి ఉమ్మేసింది. "ఇది గాదు" అన్నది. రెండోది తుంచింది. మూడోది తుంచింది. ఏడో చేప నోట్లో పడ్డాక ఆగి, మింగి, "గిది" అన్నది. అదే పోగులోంచి నాలుగు ఏరుకుని, ఇంకో నాలుగు అంజమ్మ చేటలో పడేసి, కొంగుతో మూతి తుడుచుకుంటూ ఇంటి దారి పట్టింది.

పక్కింటి రుక్మిణి మంచం దగ్గర కూర్చుని ఉంది. సాయమ్మ యార్డుకు పోయినప్పుడల్లా ఎల్లేశాన్ని చూసుకునేది ఆమే. సాయమ్మ గడపలో కాలు పెట్టగానే ఇద్దరూ మాట్లాడుతున్నది ఆపేశారు.

"ఏంది ముచ్చట?"

"ఏం లేదక్కా, ఊకెనే" అని రుక్మిణి లేచి వెళ్లిపోయింది. ఎల్లేశం దిండు సర్దుకున్నాడు. అంతదానికే ఆయాసపడ్డాడు.

చేపలను వేడినీళ్లలో నానబెట్టి, పొలుసు గీకి, చింతపులుసు పోసి కూర పొయ్యి మీద పెట్టింది. కొంగు ముక్కుకు కట్టుకోవాల్సిన పని లేకపోయింది. కూర కుతకుత ఉడుకుతుంటే అలవాటుగా గరిటె పట్టుకుని పక్కకు చూసింది. చాచిన అరచేయి లేదు. మంచం మీది నుంచి అతను చూస్తున్నాడు. సాయమ్మ గరిటెను తన అరచేతిలోకే వంచుకుని నాకింది. మొహం వికారంగా అయింది. ఆలోచించి ఉప్పు వేసింది.

గోడకు ఆనించి కూర్చోబెట్టి మొదటి ముద్ద నోట్లో పెట్టింది. అతను చాలాసేపు నమిలాడు. మింగాడు.

"ఉప్పెవలు జూసిండ్రు?"

"నేనే."

ఎల్లేశం ఆమెను ఎగాదిగా చూశాడు. రొమ్ములో గురక లాంటి చప్పుడైంది. దగ్గనుకున్నది సాయమ్మ. నవ్వుతున్నాడు.

"ఇంకో పలుకు" అన్నాడు.

సాయమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది, ఈసారి దాచుకోలేదు. రెండో ముద్ద తిన్నాడు. మూడోది సగం తిన్నాడు. మిగిలిన సగం ఆమె చేతిలోనే ఉంటే, "నువ్వు తిను" అన్నాడు. ఆమె తిన్నది. వద్దనిపించింది, వద్దనిపిస్తుండగానే మింగింది. "మంచిగున్నదా?" అని అడిగాడు. "పాడు రుచి" అన్నది. అతను తల ఊపి, అలసిపోయి, దిండు మీదికి ఒరిగాడు. "జర పంటా" అన్నాడు.

సాయమ్మ గిన్నె తీసుకుని బయటికి వచ్చి బూడిదతో తోమింది. పొద్దు నడినెత్తి దాటి మబ్బు పట్టింది. నాలుగు చినుకులు పడి దుమ్ము లేచింది. మిరుగం మాట నిలబెట్టుకున్నదని చెబుదామని లోపలికి వచ్చింది. రొమ్ములో చప్పుడు లేదు. నెలల తరబడి ఇంట్లో ఆ చప్పుడు లేని సమయం లేదు. సాయమ్మ గిన్నె కింద పెట్టి, మంచం పక్కన కూర్చుని, అతని చేయి పట్టుకున్నది. అరచేయి ఇంకా వెచ్చగానే ఉంది.

నలుగురూ వచ్చారు. మంచం మీది నుంచి దింపడానికి తల ఎత్తినప్పుడు దిండు కింది నుంచి ఒక కాగితం పొట్లం జారి నేల మీద పడింది. దాన్ని చూసి రుక్మిణి బోరుమన్నది.

"పొద్దుగాల నన్ను సేటు ఇంటికి తోలిండక్కా. నా సేవల వడి అది తన మిరుగమే మర్చిపోతది, దాని శాప తెచ్చిపెట్టమన్నడు. నేనే ఇస్త, నువ్వు చెప్పకు అన్నడు."

సాయమ్మ పొట్లం విప్పింది. ముక్కు దగ్గర పెట్టుకున్నది. వాసన రాలేదు. చేతులకు చేపల కూర అంటి ఉంది, దానిదీ రాలేదు. చేసేదేమీ లేక పొట్లాన్ని బయట గోడ గూట్లో, డాల్డా డబ్బా పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

చినుకులు ఆగాయి. గూట్లో విప్పిన కాగితం మీద రేగుపండంత బెల్లం ఉండ, దాని మీద అతని వేలి ముద్ర, నొక్కిన చోట పైకి కనబడుతున్న ఇంగువ పలుకు.